ఎంత ఆగుద్దండీ?

కొత్త క్యారియర్ మీద అచ్చేసి ఉంటుంది
పాతిక కిలోలు అని.
ఆ అక్షరాలు చదివినవాణ్ణి ఒక్కణ్ణీ చూళ్ళేదు
లొల్ల లాకుల పక్కన ఈ రేకుల షెడ్డులో
ఇరవయ్యేడేళ్ళుగా.

ఎంత ఆగుద్దండీ? అనే అడుగుతారు అందరూ.
పాలకేన్లు వేసే మంగయ్య,
రెండు గ్యాసుబండలు రెండు కొక్కేలకి తగిలించే కుర్రాడు,
ఐసుపెట్టె కింద తడి కారుతుంటే
గొలుసు తుప్పు పట్టిందని నన్ను తిట్టే మరిడియ్య.

నేను చెప్పేది ఒకటే.
కడ్డీ విరగదండీ.
కడ్డీ వంగుద్ది, వంగి చెబుద్ది.
విరిగేది ఇరుసు పక్కన బోల్టు,
చిటికెనవేలి గోరంత.
అది చెప్పదు.

చొల్లంగి పల్లయ్యది సైకిలు అనకూడదు,
రెండు చక్రాల మీద అరటితోట.
అటు మూడు, ఇటు మూడు, పైన అడ్డంగా ఒకటి.
కర్పూరం గెల పదిహేను కిలోలు వేసుకున్నా
నూటయిదు.
లంక గట్టు మీద వస్తుంటే వెనకనించి మనిషి కనపడడు,
ఆకుల్లోంచి బెల్లు మోగుద్ది.

ఆ క్యారియర్ నేనే కట్టాను.
వేలిలావు కడ్డీ, నాలుగు కాళ్ళు, వెనక చక్రానికి లావు పుల్లలు.
ఆరు గెలలకి మించొద్దు పల్లయ్యా అన్నాను.
ఆయ్ అన్నాడు.
మర్నాడు ఏడు.
ఏంటిదీ అంటే,
ఆరు షావుకారువండి, ఏడోది మాది
అన్నాడు.
నా టేపుతో కొలవడానికి అందులో ఏమీ లేదు.

ఒక శనివారం పొద్దున్నే ఎడమ బోల్టు పోయిందని వచ్చాడు.
సరైన సైజు అయిపోయింది.
సన్నది దూర్చి, మూడు వాషర్లు పేర్చి, బిగించి,
సాయంత్రం మారుస్తాలే ఎల్లు అన్నాను.

మధ్యాహ్నం నా గ్రైండరు బిళ్ళ పగిలింది.
ముక్క పాదంలో దిగింది.
శనివారం కదా, ఆటోలన్నీ వాడపల్లి దారిలోనే ఉన్నాయి.
సంత నించి ఖాళీ సైకిలు మీద వస్తూ
పల్లయ్య నన్ను చూశాడు, ఎర్రబడిన తువ్వాలు చూశాడు.
ఎంతుంటారండీ అన్నాడు.
నాకర్థం కాలేదు.
బరువండీ.
డెబ్బయి రెండు.
పెదాలు కదుపుతూ లెక్కేసుకున్నాడు.
అయిదు గెలలకి తక్కువేనండీ, ఎక్కండి.

నునుపు చేశాననుకున్న అతుకు
ఎంత గరుకో తొడకి తెలిసింది.
కాళ్ళెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు,
ఇన్ని క్యారియర్లు కట్టాను, ఒక్కదానికీ ఆ సంగతి ఆలోచించలేదు.
పక్కన కాలవ, నిండా గుర్రపుడెక్క.
కదలకండి బాబూ, గెలలు కదలవు
అంటున్నాడు ఆయాసపడుతూ.

నేను వింటున్నది అతన్ని కాదు.
ప్రతి గతుకుకీ ఎడమ పక్క
టిక్.
నా కిందే, నా మూడు వాషర్ల మధ్య.
నొప్పి మర్చిపోయాను.
రావులపాలెం ఆసుపత్రి దాకా దణ్ణం పెట్టుకున్నది
దేవుడికని మా ఇంటావిడ అనుకుంటుంది.

నాలుగోరోజు కుంటుకుంటూ వచ్చి
ముందు ఆ బోల్టు మార్చాను.
డబ్బులొద్దన్నాను. ఎందుకో చెప్పలేదు.
సన్నబోల్టు అరిగి సగమైంది,
జేబులో వేసుకున్నాను.
పల్లయ్య ఏమనుకున్నాడో,
షెడ్డు మేకుకి ఒక అత్తం తగిలించి వెళ్ళాడు.
ఏ గెలలోదో అడగక్కర్లేదు.

ఇప్పటికీ అడుగుతారు, ఎంత ఆగుద్దండీ అని.
బిగించడం అయ్యాక
లాకు దాకా నన్నోసారి ఎక్కించుకుని తిప్పమంటాను.
ముసలాడికి సరదా పుట్టిందని నవ్వుతారు.
నేను పాదాలు పైకి లాక్కుని
చెవి కిందికి వంచి కూర్చుంటాను.